చెరిపేయి అనే బటన్

మేమిద్దరం దెబ్బలాడుకున్నది ఒక్క మాట గురించి. ఆ మాట ఫోన్ తెర మీద గోరంత బటన్ పైన ఉండేది. బర్మా భాషలో ఉన్న ఆ మాటను తెలుగులో చెప్పాలంటే ‘చెరిపేయి’. ఊరు ఊరంతా అట్టుడికిపోతుంటే ఇద్దరు మనుషులు ఒక గదిలో కూర్చుని బటన్ మీద ఏం రాయాలా అని నెలల తరబడి వాదించుకున్నారంటే వినేవాళ్ళకు నవ్వొస్తుంది. నాకు మాత్రం ఇప్పటికీ రాదు.

నాది రాతపని. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళు వేరు, దాని తెర మీద కనబడే మాటలూ, ఎలా వాడాలో చెప్పే సహాయం పేజీలూ రాసేవాళ్ళు వేరు. నేను రెండో రకం. మా పెద్దవాళ్ళు రంగూన్ అనే యాంగోన్‌లో బోటాటౌంగ్ రేవు దగ్గర ఒక పాత గోదాము మేడ మీద ఉండేది మా చిన్న కంపెనీ. మేం చేసిన యాప్ కిరాణా కొట్లవాళ్ళ కోసం. ఎవరు సరుకు అడిగారు, ఏమేం కావాలి, ఏ వీధిలో ఎన్నో అంతస్తుకు పంపాలి, అన్నీ కొట్టతని ఫోన్‌లో వరసగా కనబడతాయి. సరుకు అందించాక ఆ ఆర్డర్ పక్కనున్న ‘చెరిపేయి’ నొక్కితే అది పోతుంది.

పోతుందంటే పోదు. గొడవంతా అక్కడే. కళ్ళముందు నుంచి పోయి ఫోన్‌లోనే ఇంకో మూల చేరి కూర్చుంటుంది. పొరపాటున నొక్కినవాళ్ళు వెనక్కి తెచ్చుకోవడానికి వీలుగా, యాప్ చేసిన కుర్రాళ్ళు అలా పెట్టారు. ఆ మూలకు వెతుక్కుంటూ వెళ్తే అక్కడా ఒక బటన్, దాని మీదా ‘చెరిపేయి’ అనే ఉంటుంది. అది నొక్కితేనే నిజంగా చెరుగుతుంది. రెండు బటన్లు చేసే పనులు వేరు, మాట మాత్రం ఒకటే. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నమాట. మామూలు రోజుల్లో దీనివల్ల ఎవరికీ నష్టం లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత సైన్యం అధికారం లాక్కుంది. జనం వీధుల్లోకి వచ్చారు, తుపాకులు పేలాయి, జనం ఇళ్ళలోకి వెళ్ళారు. పొద్దుగూకాక ఇంటింటా గిన్నెలు మోగించేవాళ్ళు, చెడును తరమడానికి ఇక్కడివాళ్ళు అలా చేస్తారు. మా ఇంట్లో మా అత్త అప్పడాల కర్రతో ఇత్తడి బిందె మోగించేది. ఫోన్లలో ఇంటర్నెట్ ఆపేశారు. తీగ కనెక్షన్ ఉన్న మాలాంటి ఆఫీసుల్లో, కొట్లలో మాత్రం మిగిలింది. కూడళ్ళలో బస్సులాపి మనుషుల్ని దింపి ఫోన్లు తెరిపించి చూసేవాళ్ళు. దలాన్ అనే మాట అప్పుడే అందరి నోళ్ళలోనూ నానింది. దలాన్ అంటే మన పక్కనే ఉండి మన సంగతులు మోసేవాడు. ఇద్దరం మాట్లాడుకుంటుంటే మూడోమనిషి వచ్చాడంటే చాలు, వాన గురించి మాట్లాడేవాళ్ళం.

మా ఆయనకు మేముండే సంచౌంగ్ పేటలోనే చిన్న కొట్టు. బియ్యం, పప్పులు, నూనె, ఎండు చేపలు. టీచర్లు, రైల్వేవాళ్ళు, ఆసుపత్రివాళ్ళు ఆ ప్రభుత్వం కింద పని చేయబోమని ఉద్యోగాలు మానేసి ఇళ్ళలో కూర్చుంటే, వాళ్ళకు తెలిసినవాళ్ళు మా కొట్టులో సరుకు కొని పంపించేవాళ్ళు. కొందరు ఇల్లు మారి దాక్కున్నారు. వాళ్ళ కొత్త చిరునామాలన్నీ మా ఆయన ఫోన్‌లో ఉండేవి. ఆయన వీరుడేమీ కాదు, వాగుడెక్కువ, మతిమరుపు ఇంకా ఎక్కువ. సంచీ భుజాన వేసుకుని బస్సెక్కి సరుకు తనే ఇచ్చి వచ్చేవాడు. ఆ ఫోన్ ఒక్కసారి సైనికుడి చేతిలో పడితే ఆయన పోతాడు, ఆయనతో పాటు ఆ ఇళ్ళూ పోతాయి. నేను అన్నం తింటున్నా, గుళ్ళో దణ్ణం పెడుతున్నా నా మనసు ఆ ఫోన్ దగ్గరే ఉండేది.

“నాను సెరిపీసినాను కదే. అది పోయింది. ఇంకేటి నీ గోల?” అనేవాడు.

“పోనేదు. పోయినట్టు కనబడతాది, అంతే. ఇలా తే,” అని ఫోన్ లాక్కుని ఆ మూలకు వెళ్ళి చూపించేదాన్ని. నెలల నాటి ఆర్డర్లు వరసగా ఉండేవి.

“ఓలమ్మా. మరి సెరిపీయి అని ఎందుకు రాసినారు?”

అదే ప్రశ్న ఆఫీసులో అడిగాను. అడగడానికి అక్కడ పెద్దగా ఎవరూ మిగల్లేదు. కోడ్ రాసే కుర్రాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఎక్కడికి వెళ్ళారని ఎవరూ అడగలేదు, అడగకపోవడమే అప్పటి మర్యాద. యజమాని వారానికోసారి వచ్చి కిటికీలు వేసి ఉన్నాయో లేదో చూసుకుని వెళ్ళిపోయేవాడు. రోజూ ఉండేది నేనూ, కొత్తగా చేరిన ఒకతనూ. తెర మీది మాటలు సరిచూడడానికి యజమాని అతణ్ణి పెట్టుకున్నాడు.

ఆ మనిషి మీద నాకు మొదటి రోజే అనుమానం. నున్నగా కత్తిరించిన జుట్టు. ఇస్త్రీ చొక్కా. ఉండేది మింగళాడోన్‌లో, విమానాశ్రయం పక్కన, సైనికుల ఇళ్ళ మధ్య. “అక్కడెందుకుంటున్నారు?” అంటే “అద్దె తక్కువ” అన్నాడు. అంత దూరం నుంచి అన్ని తనిఖీలూ దాటుకుని నాకంటే ముందే వచ్చి కూర్చునేవాడు. సంచౌంగ్ నుంచి వచ్చే నేనేమో చెమటలు కక్కుకుంటూ ఆలస్యంగా. వయసులో చిన్నవాడు కాబట్టి నన్ను అమా అనేవాడు, అక్కా అని. ఏమీ అడిగేవాడు కాదు, ఏమీ చెప్పేవాడు కాదు. బాంబు పేలిన మర్నాడు కూడా నిన్న ఆపిన వాక్యం దగ్గర నుంచే మొదలుపెట్టేవాడు. తొణకని కుండ అని కొందరు మెచ్చుకుంటారేమో. నాకు మాత్రం ఆ కుండలో ఏముందో చూడాలనిపించేది.

“ఈ మాట అబద్ధం,” అన్నాను ‘చెరిపేయి’ని చూపిస్తూ. “చెరపని దాన్ని చెరిపేయి అని రాయకూడదు. మార్చాలి.”

“మార్చకూడదు,” అన్నాడతను. అంతే, కారణం చెప్పలేదు.

మర్నాడు ‘తీసేయి’ అని రాసి చూపించాను. “తీసి ఎక్కడ పెడుతున్నారు అమా?” అన్నాడు. ఆ ప్రశ్న సరైనదే, అందుకే ఒళ్ళు మండింది. ‘దాచు’ అన్నదాన్ని నేనే కొట్టేశాను. దాచు అన్న మాట కంటబడితే ఏం దాచావని అడగని సైనికుడు ఉంటాడా. చివరికి ‘పక్కన పెట్టు’ అన్నాను. అతను, “మా ఇంట్లో పక్కన పెట్టేది బుద్ధుడికి. అన్నం వార్చగానే మొదటి గరిటె. అది గౌరవం. ఇది గౌరవించే వస్తువు కాదు కదా,” అన్నాడు. “మా ఇంట్లో పక్కన పెట్టేది ఎంగిలి కంచం,” అన్నాను. అతను నవ్వలేదు. నవ్వితే కొంచెం నమ్మేదాన్నేమో.

ఇలా సాగింది. నేను ఏ మాట తెచ్చినా అతను సందు వెతికేవాడు, ఆఖరికి మళ్ళీ ‘చెరిపేయి’ దగ్గరికే వచ్చేవాడు. నాకు ఒకటే ఆలోచన. జనం చెరిపేశామనుకుని ధీమాగా బస్సెక్కాలని ఎవరు కోరుకుంటారు? చిరునామాలు ఫోన్‌లోనే ఉండాలని ఎవరికి అవసరం? అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆ రోజుల్లో అనుమానం లేనివాళ్ళే ముందు పోయారు.

అతను ఒప్పుకోకపోయినా సహాయం పేజీ రాయడం మొదలుపెట్టాను. పక్కన పెట్టినవి ఫోన్‌లోనే ఉంటాయనీ, ఆ మూలకు ఎలా వెళ్ళాలో, అక్కడ పూర్తిగా ఎలా చెరపాలో అందులో ఉండాలి. నా పద్ధతి ఒకటుంది. రాసిన ప్రతి వాక్యాన్నీ తెలుగు చేసి మా అత్త ముందు చదువుతాను. ఆమెకు చదువు రాదు. తెర మీది బర్మా మాటలకు గుర్తులు నేర్పి నా ఫోన్ ఆమె చేతికిచ్చి, తెర వైపు చూడకుండా నేను చదువుతుంటే, ఆమె వేలు సరైన చోటికి వెళ్తే వాక్యం మంచిది. వెళ్ళకపోతే తప్పు వాక్యానిదే.

“‘కిందికి జరపండి’,” అని చదివాను.

“జరిపీసినాను.”

“కనబడ్డాదా?”

“ఏటీ కనబడనేదు. ఎంత కిందికే పిల్లా? కిందికంటే నాను సగంలో ఆగిపోయినాను.”

‘కిందికి’ తీసేసి ‘అట్టడుగు వరకు’ అని రాశాను. ఈసారి వేలు ఆగకుండా వెళ్ళింది. ‘కుడివైపు పైన ఉన్న మూడు గీతలు నొక్కండి. అట్టడుగు వరకు జరపండి. ఇంక జరగదు అన్నచోట ఆగి చూడండి.’ ఆ మూడో వాక్యం నాకు చాలా నచ్చింది. పాఠ్యపుస్తకాల్లో అలా రాయరు. ముసలావిడ వేలిని చూసి రాసిన వాక్యం అది.

పేజీ పూర్తిచేసి అతని ముందు పెట్టాను. అతను మొదటిసారి కంగారుపడ్డాడు. లేచి కిటికీ దగ్గరికెళ్ళి వీధి చూసి వచ్చాడు.

“చాలా స్పష్టంగా ఉంది,” అన్నాడు.

“స్పష్టంగా ఉండడం తప్పా?”

“ఈ పేజీ కొట్లవాళ్ళే చదువుతారా అమా? యాప్ ఎవరైనా దించుకోవచ్చు. ఫోన్లు తెరిపించేవాళ్ళకు ఇప్పుడు ఆ మూల సంగతి తెలియదు. పైన ఖాళీగా ఉంటే వదిలేస్తున్నారు. ‘చెరిపేయి’ అని ఉన్నంతకాలం వాళ్ళూ చెరిగిపోయిందనే అనుకుంటారు. ఎక్కడ వెతకాలో మీరు చెబుతున్నారు.”

ఆ సంగతి నాకు తట్టలేదు. కానీ వెంటనే ఇంకోటి తట్టింది. సైనికులకు ఏం తెలుసో, ఏం తెలియదో ఇతనికెలా తెలుసు? అదే అడిగాను.

“రోజూ నా ఫోన్ చూస్తారు కాబట్టి,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “నేనూ ఒకటి అడగనా? మీరు వారం వారం సెలవడిగి మరీ వార్డు ఆఫీసుకు ఎందుకు వెళ్తున్నారు?” అన్నాడు.

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇంట్లో చుట్టం రాత్రి ఉంటే, సైన్యం పెట్టిన మనుషులు కూర్చునే ఆ వార్డు ఆఫీసులో చెప్పి పేరు రాయించాలి, అది ఇక్కడి చట్టం. మా అత్త పేరు పెద్ద బావగారి ఇంటి మనుషుల పట్టికలో ఉంది. ఆమె మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వారం వారం వెళ్ళి ఆ ముసలావిడ ఇంకా మా ఇంట్లోనే ఉందని చెప్పి రావాలి. అదే చెప్పాను. అతను తలూపాడు. ‘అద్దె తక్కువ’ అన్నప్పుడు నేనూ అలాగే తలూపాను. దాగిన చిరునామాలకు దారి రాసిపెట్టే ఈ కలా మనిషి, ఇక్కడి మాటలో భారతీయుల పిల్ల, వార్డు ఆఫీసు మెట్లు ఎందుకెక్కుతోందని అతను నెలలుగా లెక్కలు వేసుకుంటున్నాడని అప్పుడు అర్థమైంది. ఇద్దరం ఒకే మాట మీద కూర్చుని ఒకరినొకరం దలాన్ అనుకుంటున్నాం.

యజమాని వచ్చినప్పుడు ఇద్దరం చెప్పుకున్నాం. ఆయన సగం విని, “ఈవిడ రాసింది నిజమే కదా. పెట్టేయండి,” అన్నాడు. ఆయనకు వాదన తెగడమే కావాలి. పేజీ యాప్‌లోకి వెళ్ళింది. బటన్ మీద ‘పక్కన పెట్టు’ వచ్చింది. నేను గెలిచాను. రోజూ సరుకుతో బయల్దేరేముందు మా ఆయన చేత చిరునామాలు బట్టీ పట్టించి, పైనా ఆ మూలా ఖాళీ చేయించేదాన్ని. గొణుగుతూనే చేసేవాడు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక సెలవురోజు మధ్యాహ్నం మా ఆయన సంచీతో సహా ఇంటికి వచ్చేశాడు. ముఖంలో నెత్తురు లేదు, నోరు మాత్రం ఆగడం లేదు.

“బస్సు ఆపీసినారే. అందర్నీ దింపీసినారు. నా ఫోన్ ఒక కుర్ర సిపాయి సూసినాడు. పైన ఏటీ నేదు. ఇచ్చీబోయినాడు. అప్పుడు ఎనక నుంచి ఇంకొకడు సెప్పినాడు ఆడికి, ఏటని సెప్పినాడో తెలుసా? ‘కుడేపు పైన మూడు గీతలు నొక్కు. అట్టడుగు వరకు జరుపు. ఇంక జరగదు అన్నచోట ఆగి సూడు.’ బర్మాలో సెప్పినాడు గానీ, అచ్చం నువ్వు మాయమ్మకి సదివినట్టే.”

“తరవాత?”

“తరవాతేటి, ఖాళీ కదా. ఎల్లిపో అన్నాడు.”

మా అత్త “మంచిదే అయినాది,” అంటూ ఆయనకు నీళ్ళిచ్చింది. నాకు మాత్రం మా ఆయన బతికి వచ్చాడన్న సంతోషం కంటే ముందు భయం పట్టుకుంది. నా మూడో వాక్యం ఒక సైనికుడి నోట్లో ఉంది. మా ఆయన వెనక వరసలో నిలబడ్డవాళ్ళలో కొట్లవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో, వాళ్ళకు ఖాళీ చేయించే భార్య ఉందో లేదో. పేజీ ఆఫీసులో అతనే వాళ్ళకు అందించాడని కూడా అనుకున్నాను. కానీ అందించే అవసరం ఎవరికుంది. ఎవరైనా చదువుకోవచ్చునని అతను ముందే చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. ‘నేను ముందే చెప్పానా లేదా’ అంటాడని ఎదురుచూశాను. అతను అడిగింది వేరే.

“ఖాళీగానే ఉందా?”

“ఉంది.”

ఊపిరి వదిలాడు. పేజీ ఇద్దరం కలిసి తీసేశాం. ‘చెరిపేయి’ మళ్ళీ పెడదామా అంటే, అతను తల అడ్డంగా ఆడించాడు. “మాట మార్చి లాభం లేదు అమా. నిజం రాస్తే వాళ్ళకు దారి, అబద్ధం రాస్తే మనవాళ్ళకు గొయ్యి. బటన్ చేసే పనే మార్చాలి. నొక్కగానే ఫోన్‌లో ఏమీ మిగలకూడదు.”

“ఎవరు మారుస్తారు? కుర్రాళ్ళు లేరుగా.”

“నేను మారుస్తాను.”

అతనికి కోడ్ వచ్చునని అప్పటిదాకా చెప్పలేదు. ఎక్కడ నేర్చుకున్నాడని అడిగితే, ఇంతకుముందు పనిలో, అన్నాడు. ఆ పని ఎక్కడో చెప్పలేదు. మింగళాడోన్ మళ్ళీ గుర్తొచ్చింది. అయినా అతను కూర్చుని రాస్తుంటే పక్కన కూర్చుని చూశాను. నాకు అర్థం కాదని అతనికీ తెలుసు, చూస్తున్నానని మాత్రం తెలియాలని కూర్చున్నాను. పని అయ్యాక, మా అత్త చేతికిచ్చే నా ఫోన్ మీదే పరీక్షించాం. నొక్కితే పోయింది. వెతికితే లేదు. బటన్ మీద మళ్ళీ పెట్టిన ‘చెరిపేయి’ అన్న మాట ఎట్టకేలకు నిజమైంది. సహాయం పేజీలో రాయడానికి నాకు ఏమీ మిగల్లేదు.

అయితే యజమాని ఒక మెలిక పెట్టాడు. ఎవరైనా సరుకు రాలేదని అడిగితే చూసుకోవడానికి ఆర్డర్లు ఆఫీసు మెషీన్‌లో ఉండాలన్నాడు. అంటే ఊళ్ళోని ఫోన్లన్నీ శుభ్రమై, చిరునామాలన్నీ ఒక్కచోట చేరతాయి, మా ఇద్దరి బల్లల మధ్య ఉన్న నల్ల పెట్టెలో. తాళం వేస్తామని అతను అంటే, “వేసుకోండి. నాకు చెప్పకండి, నన్నెవరైనా అడిగితే తెలియదనాలి,” అని యజమాని వెళ్ళిపోయాడు.

తాళం మాట, అదే పాస్‌వర్డ్, ఎవరు పెట్టాలి? అతను నా వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను. ఇంక దాచుకోవడానికి ఏమీ లేదు. “మీమీద నాకు నమ్మకం లేదు,” అన్నాను. “నాకూ లేదు అమా,” అన్నాడు, నొచ్చుకోకుండా. తర్వాత కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. “సగం మీరు కొట్టండి. మిగతా సగం నేను.” నేను నా సగం కొట్టి లేచి గోడవైపు తిరిగాను. అతను తన సగం కొట్టాడు.

ఆ తర్వాత కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అదే తంతు. యాంగోన్‌లో కరెంటు ఎన్నిసార్లు పోతుందో చెప్పనక్కర్లేదు. తాగుతున్న టీ వదిలి లేవాలి, ఒకరు కొడుతుంటే ఒకరు గోడ చూడాలి. ఆ గోడ మీద పెచ్చులూడిన చోటు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆ రోజుల్లోనే అతను మొదటిసారి నవ్వాడు. ఇంట్లో భార్యాభర్తలు కూడా ఇంత బుద్ధిగా ఉండరన్నాను, దానికి.

ఒక పొద్దున అతను రాలేదు. మర్నాడూ రాలేదు. అడవుల్లోకి వెళ్ళి తిరుగుబాటుదార్లలో కలిశాడని ఒకరన్నారు. సరిహద్దు దాటి థాయ్‌లాండ్ వెళ్ళాడని ఇంకొకరన్నారు. బస్సులోంచి దింపి తీసుకుపోయారని టీ కొట్టతను అన్నాడు. నేను మూడూ నమ్మాను, మూడూ నమ్మలేదు. నాలుగోది కూడా అనుకున్నాను, ఎవరి మనిషో వాళ్ళ దగ్గరికే వెళ్ళిపోయాడని. ఆ సాయంత్రమే కరెంటు పోయింది. వచ్చాక పెట్టె తాళం అడిగింది. నా సగం కొట్టాను. తెర మిగతాది అడుగుతూ ఉండిపోయింది.

యజమాని కేకలేశాడు. తాళం తెరవలేనని చెప్పాను, అది నిజం. ఆయన కొత్త పెట్టె కొన్నాడు, పాతది మూలన పడింది.

నేను మాత్రం చాలాకాలం మెట్ల మీద చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. అతను వాళ్ళ మనిషైతే అతని సగం వాళ్ళ దగ్గర ఉంది, ఇక కావాల్సింది నాది. అతణ్ణి పట్టుకుని ఉంటే కొట్టి అయినా అతని సగమూ, నా పేరూ చెప్పిస్తారు. ఎటు చూసినా వాళ్ళు నా కోసం రావాలి. బట్టల సంచీ సర్ది తలుపు పక్కన పెట్టుకున్నాను. మా ఆయన అది చూసి ఏటని అడగలేదు, వాగుడు మాని నా పక్కన కూర్చున్నాడు.

మిగతా సగం నా దగ్గరుందని తెలిసిన మనిషి లోకంలో అతనొక్కడే. ఎవరూ రాలేదు.